విమర్శకుడి మాట పక్కన నీ మాట

నల్లగొండ

తమ్మీ,

‘స్పైడర్‌మ్యాన్: ఇంటూ ది స్పైడర్‌వర్స్’ యానిమేషన్ సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. బొమ్మల హడావుడిలో కథ నలిగిపోయిందని ఆ విమర్శకుడన్నాడు, నువ్వు ఒప్పుకోలేదు. మంచిదే. కానీ ‘ఆయనకు ఈ తరం టేస్టు తెలియదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అందులో ఆయన మీద నీ కోపం కనిపిస్తోంది గాని, సినిమా కనిపించడం లేదు.

ముందు ఆయన వైపు నిలబడి చూడు. ఆయనది గాలిమాట కాదు. పాత కామిక్ పుస్తకాల అచ్చులో ఉండే చుక్కలు, గీత దాటి పక్కకు జరిగిన రంగులు, తెర మీద పడే అక్షరాలు అన్నీ ఒకేసారి మీద పడితే కొందరి కళ్లు అలసిపోతాయి. ‘అవును, నేనన్నది ఇదే’ అని ఆయనే ఒప్పుకునేంత నిజాయితీగా ఆయన మాట రాయి. విలన్ కింగ్‌పిన్ గురించి ఆయన అన్నదాంట్లో నిజం ఉందని నాకూ అనిపించింది. పోయిన భార్యాబిడ్డల కోసం అంత విధ్వంసానికి దిగినవాడి దుఃఖాన్ని సినిమా గబగబా దాటేసింది. అక్కడ ఒప్పేసుకో, నష్టం లేదు.

తర్వాత, కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయిన పిల్లాడు మైల్స్, అందులో ఆరితేరిన పీటర్ అడవిలో పారిపోయే సీను మళ్లీ చూడు. సినిమా నడిచేది సెకనుకు 24 ఫ్రేముల మీద, అంటే 24 విడి బొమ్మల మీద. అక్కడ పీటర్ ప్రతి ఫ్రేముకూ కదులుతాడు. మైల్స్ రెండు ఫ్రేములకోసారి, అంటే సెకనుకు 12 సార్లే కదులుతాడు. అందుకే పిల్లాడు పక్కవాడితో అడుగు కలపలేక తడబడుతున్నట్టు ఉంటుంది. వాడికి ఇంకా పని పట్టుబడలేదని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. కథ నలిగిపోయిందన్న మాటకు నీ జవాబు ఈ సీనులో ఉంది. 2019లో ఆస్కార్ వచ్చింది కాబట్టి గొప్ప సినిమా అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. అవార్డు వాళ్ల తీర్పు, నీది కాదు.

మన పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తున్నారా? తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎదుటివాడి మాట తప్పనిపిస్తే సాక్ష్యం అట్లా ముందు పెట్టాలి.

ఇక, నువ్వు రెండు లైన్లలో రాసి వదిలేసిన చోటు. స్కూలు హాస్టల్ గదిలో మైల్స్‌ను కుర్చీకి కట్టేశారు, నోటికి సాలెగూడు అంటించారు. తలుపు బయట తండ్రి. తన తోడబుట్టినవాడు చనిపోయిన బాధలో వచ్చాడు. లోపల కొడుకు ఉన్నాడని తెలుసు, తనతో మాట్లాడటం ఇష్టంలేక ఊరుకున్నాడనుకుంటాడు. అయినా చెప్పాల్సింది తలుపుకే చెప్పి వెళ్లిపోతాడు. ముంబైలో పనికి పోయిన మీ నాయన ఫోన్ చేస్తే హాస్టల్ వరండాలో నిలబడి నోరు పెగలలేదని నువ్వు రాశావు చూడు, అది చదివి నేను కాసేపు ముందుకు పోలేకపోయాను. ఆ విమర్శకుడు ఈ సీను ఊసే ఎత్తలేదు. ఆయనకు అక్కడ ఆగాల్సిన పని పడలేదేమో. నీకు పడింది. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు, పేజీ పట్టినా సరే. అట్లాగని ఆ తండ్రిని మీ నాయనగా మార్చేయకు. ఆయన బ్రూక్లిన్ పోలీసు, ఆయన దుఃఖం ఆయనది. రెండూ పక్కపక్కన ఉంటే చాలు, కలిపేది చదివేవాళ్లు.

ఇకముందు సినిమా చూసిన రాత్రే నీకు తోచింది కాగితం మీద పెట్టు. రివ్యూలు ఆ తర్వాతే చదువు.

దసరా సెలవులకు ఇటు వచ్చేటప్పుడు కొత్త ప్రతితోపాటు ఆయన రాసింది కూడా పట్టుకురా. రెండూ ముందర పెట్టుకుని కూర్చుందాం.

నీ అన్న