బండి వెనక సామానుకు జాలీ: ఎలాంటిది కొనాలి, ఎలా బిగించాలి?

ప్రశ్న: మాది కడప. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో బోరు మోటార్లు వేసుకుని గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి తిరుగుతుంటాను. సీటు వెనక జాలీ అవసరమా?

తప్పకుండా పెట్టించండి. 50 కి.మీ. వేగంలో బండి దేన్నైనా గుద్దుకుని 0.1 సెకనులో ఆగిపోతే, 30 కిలోల మోటారు 400 కిలోలకు పైగా ఒత్తిడితో ముందుకొస్తుంది. సీటు వీపు ఆపుతుందనుకోకండి. తాళ్ల నెట్‌లు, పైకప్పుకు అదిమి నిలబెట్టే గ్రిల్స్ కూడా ఆ దెబ్బకు ఆగవు.

స్టీలు ఫ్రేముతో, మీ మోడల్ కోసమే చేసింది చూడండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వీటికి ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4034 ప్రమాణం ఉంది, ఆ గుర్తుంటే మరీ మంచిది. కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటే (కిటికీల పైనుంచి కిందికి తెరుచుకునేవి) అవి తెరుచుకునే దారికి ఫ్రేము అడ్డు రాకూడదు. ఇది మాత్రం షోరూములో అడిగి తేల్చుకోండి. రెండో వరుస వెనక పెడితే మూడో వరుసలో ఇక ఎవరూ కూర్చోకూడదు.

బాడీకి వెల్డింగ్ వద్దే వద్దు. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలనే వాడుకోవాలి. సీటు బెల్టు బోల్టు విప్పాల్సి వస్తే, జాలీ కిట్‌తో వచ్చిన బోల్టే, అందులో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. రంధ్రం చేయక తప్పకపోతే ముందు బండి కిందికి దూరి డీజిల్ పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూడాలి. రేకు అవతల వెడల్పాటి స్టీలు ప్లేటు వేయాలి, లేకుంటే బోల్టు రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా ప్రైమర్ రాయించండి.

మట్టిరోడ్లలో కొన్నాళ్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించి చూసుకోండి. జాలీ ఉన్నా మోటారును నేలమీద, జాలీకి ఆనించి, బెల్టుతో కట్టేయండి.