ఎస్కలేడా, నావిగేటరా? మూడో వరుసలో కూర్చున్నాకే మాకు తేలింది

మూడేళ్లు వాడిన క్యాడిలాక్ ఎస్కలేడ్ ఒకటి, లింకన్ నావిగేటర్ ఒకటి చూశామని, ఇంట్లో ఆరుగురం ఉంటామని, అందులో ఇద్దరు పెద్దవాళ్లని, ఒకరికి ఇంకా చైల్డ్ సీట్ కావాలని రాశారు. మూడు వరుసల సీట్లున్న ఈ పెద్ద ఎస్‌యూవీలు రెంటిలో ఏది తీసుకోవాలని మీ ప్రశ్న. సరిగ్గా ఇదే పంచాయితీ మా ఇంట్లో రెండు నెలలు నడిచింది. చివరికి 2022 మోడల్ నావిగేటర్ తీసుకున్నాం. రెండేళ్లు దాటింది, 31 వేల మైళ్లు తిరిగాం. కాబట్టి నా మాటల్లో ఆ బండి మీద కాస్త అభిమానం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే ఎస్కలేడే గెలుస్తుంది. డ్రైవర్ ముందు నుంచి డాష్‌బోర్డు మధ్య దాకా వంపు తిరిగిన 38 అంగుళాల ఓఎల్ఈడీ డిస్‌ప్లే, పై ట్రిమ్‌లలో, అంటే ఖరీదైన వెర్షన్లలో, 36 స్పీకర్ల ఏకేజీ ఆడియో సిస్టమ్. నేను అక్కడే పడిపోయాను, సంతకం ఒక్కటే తక్కువ. మా ఆవిడ నా చేయి పట్టుకుని దింపి, "నువ్వు ఎప్పుడూ కూర్చునే చోట కాదు, మామయ్యగారు కూర్చునే చోట కూర్చో" అని మూడో వరుసలోకి తోసింది.

మీరూ ఆ పని చేయండి. అదీ రెండు నిమిషాలు కాదు, కనీసం ఇరవై నిమిషాలు. నాది ఐదడుగుల పది. మామూలు సైజు ఎస్కలేడ్ మూడో వరుసలో కాళ్లకు 34.9 అంగుళాల చోటు ఉంటుంది, నావిగేటర్‌లో 36.1. కాగితం మీద అంగుళం చిల్లర. కానీ కూర్చుంటే ఒకదాంట్లో మోకాళ్లు ముందు సీటును తాకుతూ ఉన్నాయి, రెండోదాంట్లో తాకలేదు. పైగా నావిగేటర్‌లో మూడో వరుస వీపు భాగం కూడా బటన్ నొక్కితే వెనక్కి వాలుతుంది. మా నాన్నగారు ఎక్కిన పావుగంటకే నిద్రపోతారు, అందుకని ఆ బటన్ మాకు 38 అంగుళాల తెర కంటే ఎక్కువైంది.

మీరు చూస్తున్నది 2021 లేదా ఆ తర్వాతి ఎస్కలేడ్ కాబట్టి సరిపోయింది. తక్కువకు వస్తోంది కదా అని 2020 మోడల్‌కో అంతకంటే పాతదానికో మాత్రం వెళ్లకండి. అప్పటిదాకా దానికి వెనక సాలిడ్ యాక్సిల్ ఉండేది. రెండు చక్రాలనూ కలిపే ఆ ఇరుసు మొత్తంగా పైకీ కిందికీ ఆడాలి కాబట్టి, దానికి చోటు వదిలి నేలను ఎత్తులో కట్టేవాళ్లు. ఆ ఎత్తు నేల మీద పాదాలు పెట్టి కూర్చుంటే మోకాళ్లు ఛాతీ దగ్గరికి వస్తాయి. 2021లో ఒక్కో చక్రం విడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చాకే నేల కిందికి దిగింది. నావిగేటర్ ఈ పని 2003 మోడల్‌లోనే చేసేసింది.

చైల్డ్ సీట్ సంగతి. నావిగేటర్ రెండో వరుస సీటు, దాని మీద చైల్డ్ సీట్ బిగించి ఉన్నా సరే, అలాగే ముందుకు వంగి జరుగుతుంది. (పిల్లను దింపి, ఖాళీ సీటుతో.) మూడో వరుసలోకి వెళ్లడానికి ప్రతిసారీ బెల్టులు విప్పి బిగించే బాధ లేదు. చైల్డ్ సీట్ సరిగ్గా బిగించడానికి ఎంత చెమట పడుతుందో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మీ చైల్డ్ సీట్ వెంట తీసుకెళ్లి రెండు బండ్లలోనూ బిగించి చూడండి. అమ్మేవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక నేను ఇప్పటికీ ఎస్కలేడ్ వైపు కుళ్లుగా చూసే విషయం ఒకటుంది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు బండ్లకీ తలుపు తీయగానే మెట్టులా బయటికి వచ్చే పవర్ రన్నింగ్ బోర్డులు దొరుకుతాయి. అయినా మా బండి ఎక్కేటప్పుడు అమ్మ ముందు పిడి పట్టుకుంటుంది, కుడికాలు బోర్డు మీద పెడుతుంది, ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటుంది, అప్పుడు లేస్తుంది. రెండేళ్లుగా ఆ ఒక్క క్షణం చూస్తూనే ఉన్నాను. ఎయిర్ సస్పెన్షన్ (గాలి ఒత్తిడితో బండి ఎత్తును మార్చే ఏర్పాటు) ఉన్న ఎస్కలేడ్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు అంగుళాల దాకా కిందికి దిగుతుంది. మా తరం నావిగేటర్‌లో అది లేదు. అయితే ఎస్కలేడ్‌లోనూ అన్నిటికీ రాదు, పై ట్రిమ్‌లలోనే. మీరు చూసినదానికి ఉందో లేదో కనుక్కోండి. మీ పెద్దవాళ్లకు మోకాళ్ల సమస్య ఉంటే నేను పైన రాసినదంతా పక్కన పెట్టి ఈ ఒక్కదాన్నే పట్టుకోవచ్చు.

లగేజీలోనూ ఎస్కలేడ్‌దే పైచేయి. మూడు వరుసలూ నిలబెట్టి ఉంచితే వెనక 25.5 ఘనపుటడుగులు మిగులుతాయి, నావిగేటర్‌లో 20 చిల్లర. మాకు రెండు పెద్ద సూట్‌కేసులు పట్టాక మూడోది పిల్లల కాళ్ల దగ్గరికి వెళ్తుంది. పొడుగు వెర్షన్లు ఎస్కలేడ్ ఈఎస్‌వీ, నావిగేటర్ ఎల్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. కానీ ఈఎస్‌వీ పొడవు 226.9 అంగుళాలు. మా గ్యారేజీ లోతు 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. ముందూ వెనకా కలిపి మిగిలేది 13 అంగుళాలు. అందులో మనిషి నడవాలి, డిక్కీ తెరవాలి!

డిక్కీ అంటే గుర్తొచ్చింది. కొన్న మూడో రోజే గ్యారేజీలో నిలబెట్టి లిఫ్ట్‌గేట్ బటన్ నొక్కాను. పైన తెరిచి ఉన్న గ్యారేజీ తలుపుకు అది తగిలి పెయింట్ గీసుకుపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఎంత ఎత్తులో ఆగాలో సెట్ చేసుకునే వీలుందని ఆ సాయంత్రం మాన్యువల్ చదివాక తెలిసింది.

ఇంజన్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోవద్దు. ఎస్కలేడ్ 6.2 లీటర్ల వీ8కు 420 హార్స్‌పవర్, నావిగేటర్ 3.5 ట్విన్ టర్బో వీ6కు 2022 నుంచి 440. శబ్దం వీ8ది బాగుంటుంది, లాగుడు టర్బోది బాగుంటుంది. పెట్రోలు రెండూ బాగానే తాగుతాయి. మాకు సిటీలో గ్యాలన్‌కు 15 మైళ్లు, హైవే మీద 20, 21 వస్తోంది. తమాషా ఏంటంటే ఇంత పోటీపడే జనరల్ మోటార్స్ (క్యాడిలాక్ వాళ్లదే), ఫోర్డ్ (లింకన్ వాళ్లది) ఆ పది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డిజైన్ మాత్రం కలిసే చేసుకున్నాయి.

కానీ సెకండ్ హ్యాండ్ కాబట్టి రీకాల్ విషయంలో మాత్రం కచ్చితంగా బుర్ర పెట్టండి. 2021 నుంచి 2024 వరకు వచ్చిన, 6.2 లీటర్ల వీ8 ఉన్న చాలా జనరల్ మోటార్స్ బండ్లను 2025 ఏప్రిల్‌లో వెనక్కి పిలిచారు. అమెరికాలోనే దాదాపు 6 లక్షలు, వాటిలో ఎస్కలేడ్లు కూడా ఉన్నాయి. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ భాగాల్లో లోపం వల్ల ఇంజన్ పాడయ్యే ప్రమాదం ఉందని కారణం. పరీక్షలో నెగ్గిన ఇంజన్లకు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోస్తారు, నెగ్గనివాటికి రిపేరు చేస్తారు, లేదా ఇంజన్ మారుస్తారు. నావిగేటర్ కూడా ఏమీ తక్కువ తినలేదు. బానెట్ కింద మంటలు రావచ్చని 2021 మోడల్ బండ్లు కొన్నింటిని 2022లో రీకాల్ చేశారు, రిపేరయ్యేదాకా ఇంటికి దూరంగా, ఆరుబయట పార్క్ చేయమన్నారు. బండి గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబర్ తీసుకుని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పెండింగ్ రీకాల్స్ నిమిషంలో కనిపిస్తాయి. మాకు ఒక డీలర్ "అన్నీ అయిపోయాయండీ" అని నమ్మకంగా చెప్పాడు, చూస్తే ఒకటి పెండింగ్‌లో ఉంది. ఆ బండి వదిలేశాం.

మీ స్థానంలో నేనుంటే? రెండో వరుసలో పెద్దవాళ్లు, మూడో వరుసలో కాస్త ఎదిగిన పిల్లలు కూర్చునేట్టయితే, ఎయిర్ సస్పెన్షన్ ఉండి, రీకాల్ పని పూర్తయిన కాగితం చేతిలో పెడితే, ఎస్కలేడే తీసుకుంటాను. మాలాగా వెనక వరుసలో పెద్దమనిషి కూర్చోవాల్సి వస్తే నావిగేటర్. బేరానికి వెళ్లే రోజు ఆరుగురినీ తీసుకెళ్లి ఎవరి సీట్లో వాళ్లను కూర్చోబెట్టి హైవే ఎక్కండి. బయల్దేరే ముందు టేపుతో గ్యారేజీ లోతు కొలిచి ఆ అంకె ఫోన్‌లో రాసుకోండి.