పాట చాటున మంత్రం

ప్రశ్న: మేము డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఐదవ ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో ఆడుతున్నాము. నాది పాటతో మంత్రాలు వేసే బార్డ్ పాత్ర. రాజు విందులో ల్యూట్ అనే తీగల వాద్యం వాయిస్తూ, ఆ పాటలోనే కలిపి కాపలా అధికారిపై, మనిషిని వశపరచుకునే ‘చార్మ్ పర్సన్’ మంత్రం ప్రయోగిస్తానన్నాను. మంత్రం చదివితే సభ అంతటికీ తెలిసిపోతుందని, ఆటను నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) ఒప్పుకోలేదు. ఆయన నిర్ణయం సరైనదేనా?

జవాబు: నియమం మీ డీఎం పక్షానే ఉంది. చార్మ్ పర్సన్‌కు మంత్రోచ్చారణ, చేతి కదలిక రెండూ అవసరం. అవి ఉన్న ప్రయోగం చుట్టూ ఉన్నవారి కంట పడుతుందని 2017లో వచ్చిన ‘జానథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్’ అనే అనుబంధ నియమగ్రంథం చెబుతుంది. వాటిని దాచే ‘సటిల్ స్పెల్’ అనే శక్తి సార్సరర్ అనే మరో మాంత్రిక పాత్ర సొత్తు, అతడు కూడా దానికి ఒక సార్సరీ పాయింటు ఖర్చుపెట్టాలి. అదే సౌకర్యాన్ని మీకు ఊరకే ఇస్తే ఆ పాత్ర ఆడేవారికి అన్యాయం జరుగుతుంది.

అయినా మీ ఆలోచనను తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. మంత్రబలం మాటలలో లేదని, నిర్దిష్టమైన శ్రుతితో పలికే ధ్వనుల కూర్పులో ఉందని ఆట మూల నియమగ్రంథం ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ అంటుంది. ఆ శ్రుతి గాయకుడి గొంతులో పలికితే దానిని పాటలో మరొక సంగతి అనుకోవడం సహజమే. అందువల్ల ధ్వని వినబడుతుందా అన్నది కాక, విన్నవారు దానిని ఏమనుకుంటారన్నది తేల్చాలి. నేను డీఎంనైతే, పాట అప్పటికే సాగుతూ ఉండాలన్న షరతుతో పెర్ఫార్మెన్స్ చెక్ (ప్రదర్శన నైపుణ్యానికి పాచిక) వేయించి, వచ్చిన అంకెను సభలోని ఒక్కొక్కరి పాసివ్ పర్సెప్షన్‌తో (పాచిక వేయకుండానే లెక్కించే గమనింపు అంకెతో) పోలుస్తాను. సామాన్యుడికి అది 10. ఇలాంటిదే మరో ఆటైన పాథ్‌ఫైండర్ రెండవ ఎడిషన్‌లో బార్డ్‌కు ఉన్న ‘మెలోడియస్ స్పెల్’ ఫీట్ (ప్రత్యేక సామర్థ్యం) దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తుంది, కాకపోతే అక్కడ దానిని ఎంచుకొని సంపాదించుకోవాలి.

మూడవ చరణంలో మీరు ఒక స్వరాన్ని సాగదీసి, తీగల మీది చేతిని అధికారి వైపు తిప్పారనుకోండి. అతిథులు దానిని అభినయమనుకొని తలలు ఊపుతారు. రాజు పక్కనున్న ముసలి మాంత్రికుడు మాత్రం చేతిలోని పానపాత్రను మెల్లగా కింద పెడతాడు. 60 అడుగుల లోపు ఎవరైనా మంత్రం వేయడం చూస్తేనే దానిని అడ్డుకునే ‘కౌంటర్‌స్పెల్’ వేయగలరు కనుక, అతడు మోసపోయాడా లేదా అన్నదానిపైనే అంతా ఆధారపడుతుంది. ఇలాంటివారికి పర్సెప్షన్, ఆర్కానా (మంత్రవిద్యా పరిజ్ఞానం) ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానినే లెక్కలోకి తీసుకుంటాను.

మంత్రం ఎంపికలో కూడా మీరు పొరబడ్డారనే నా అభిప్రాయం. చార్మ్ పర్సన్ గంటకు ముగియగానే తనను వశపరచుకున్నది మీరేనని ఆ అధికారికి తెలిసిపోతుంది. ఎంత గొప్ప పాటైనా దానిని దాచలేదు. ఎదుటివారికి ఒక పని సూచించి చేయించే ‘సజెషన్’ మంత్రంలో ఆ చిక్కు లేదు. దానికి చేతి కదలిక అక్కరలేదు, కావలసిన వస్తువులకు బదులు మీ వాద్యమే సరిపోతుంది, దాచవలసింది గొంతు ఒక్కటే. ఈ విషయం మీ డీఎంతో ఆట మధ్యలో కాక, వచ్చే సెషన్‌కు ముందే మాట్లాడండి.