సినిమా ఎల్పీలు తర్వాత చూద్దాం, ముందు అడుగున ఉన్న నల్ల ప్లేట్లు తీయండి

అడిగిన ప్రశ్న: "తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టె నిండా పాత రికార్డులు దొరికాయి. డిస్కో ఎల్పీల నుంచి జానపద గీతాల దాకా ఉన్నాయి. వీటిలో అరుదైనవి ఏవో ఎలా తెలుస్తుంది? హైదరాబాద్‌లో ఎవరైనా కొంటారా?"

కొంటారు. ఆ సంగతి చివర్లో చెప్తాను. డిస్కో ఎల్పీల గురించి మాత్రం మీరు టెన్షన్ పడక్కర్లేదు. వాటిని వెతుక్కుంటూ తిరిగేవాళ్లు ఇప్పుడు బోలెడు మంది ఉన్నారు. పెట్టె అడుగున, కవర్ కూడా లేకుండా పాత న్యూస్ పేపర్లో చుట్టి, చేతికి బరువుగా తగిలే పది అంగుళాల నల్ల ప్లేట్లు, అంటే ఎల్పీల కంటే ముందు కాలంలో నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు, ఉంటాయి చూడండి, నా ప్రాణమంతా వాటి మీదే.

డిస్కో రికార్డులు మళ్లీ వెలుగులోకి వచ్చిన కథ చాలామంది వినే ఉంటారు. బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ చేసిన మూడు ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాలు ముందేసుకుని పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించారు. ఆ ఎల్పీని అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. 2002లో ఢిల్లీలో పాత రికార్డులు సేకరించే ఒక డచ్చి ఆయన కంటపడింది, 2010లో మళ్లీ అచ్చయింది. షికాగోలో యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం పుట్టకముందే ఒక భారతీయుడు ఇలాంటిది చేశాడా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. రూపా బిశ్వాస్ అనే బెంగాలీ గాయని కెనడాలోని కాల్గరీలో పాడిన ఒక డిస్కో రికార్డు కూడా అదే 1982లో వచ్చింది, సరోద్ ఆశిష్ ఖాన్ వాయించారు. అదీ మూలన పడింది. 2019లో ఒక అమెరికన్ కంపెనీ దుమ్ము దులిపి మళ్లీ వదిలింది.

రెండూ గొప్ప రికార్డులే. నేను రెండూ చాలాసార్లు విన్నాను. నా బాధ ఏమిటంటే, బయటివాళ్లు వచ్చి ధర కట్టేదాకా మన ఇంట్లో ఉన్నదాన్ని మనం విప్పి చూడం. డిస్కో బీట్ వినడానికి భాష తెలియక్కర్లేదు కాబట్టి దాన్ని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తెలుగు నాటక పద్యం కోసం, నాట్ల పాట కోసం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఎవరూ రారు. మనమే వెళ్లాలి.

నేను వెళ్లే చోటు ఎర్రగడ్డ ఆదివారం సంత. టార్పాలిన్ల మీద పాత రిమోట్లు, మూతల్లేని మిక్సీ జార్లు, జత తప్పిన బూట్లు, డ్రిల్లింగ్ మిషన్లు కుప్పలుగా పోసి ఉంటాయి. అక్కడ ఒకసారి ఒకాయన దగ్గర ఇస్త్రీ పెట్టె కింద అదిమిపెట్టిన ప్లేట్ల దొంతర కనిపించింది. అన్నీ హిందీ సినిమావే, సగం అంచులు విరిగినవి. "పూరా లేజావ్ సాబ్, తవా హై, పురానా తవా" అని మొత్తం నా చేతిలో పెట్టేశాడు. తవా అంటే వాళ్ల మాటలో రికార్డే. దొంతరలో నాలుగైదు ప్లేట్ల కింద ఒకదానికి లేబుల్ సగం చెదలు తినేసి ఉంది. మిగిలిన సగంలో 'జానపద' వరకు అచ్చు తెలుగు అక్షరాలు ఉన్నాయి. పాడినవాళ్ల పేర్లు ఉండాల్సిన చోట చెద తిన్న గీతలు. వెలుతురుకి వంచి చూస్తే ముల్లు నడిచే గాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి, ఒకవైపు చిన్న పగులు.

బేరం ఆడలేదు. బేరం ఆడితే దానికేదో విలువ ఉందని తెలిసిపోతుంది, వచ్చేవారం నుంచి ప్రతి పగిలిన ప్లేటుకీ అదే రేటు చెప్తాడు.

ఇంటికి తెచ్చి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా చేత్తో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో తుడిచాను. ఆరాక నా ప్లేయర్‌లో 78 స్పీడు పెట్టి ముల్లు దించాను. ముందు చాలాసేపు చరచరా శబ్దం. తర్వాత హార్మోనియం, వయొలిన్, వాటి వెనక ఇద్దరు ఆడవాళ్ల గొంతులు. నాట్ల పాట అది. గొంతులు శుభ్రంగా ఉన్నాయి, శ్రుతి ఎక్కడా జారలేదు.

మా మేనత్త అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉంది. సూర్యాపేట దగ్గర పల్లెటూరు ఆమెది. నల్లద్దాలు పెట్టుకుని పక్క గదిలో పడుకున్న మనిషి గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఎవల్లు బిడ్డా పాడేది?"

"తెలియదత్తా, పేరు చినిగిపోయింది."

ఇంకాసేపు విన్నది. "సక్కగనే పాడిండ్రు గని, వీళ్లు బురదల దిగినోళ్లు గాదు."

ఎట్లా చెప్పగలవని అడిగాను. "నాటేసేటప్పుడు నడుము వంగి ఉంటది గద. గంత పొడుగు దమ్ము ఏడికెల్లి వస్తది? ఒకామె ఎత్తుకుంటది, మిగిలినోళ్లు అందుకుంటరు. అందుకునే లోపల ఆమె ఊపిరి పీల్చుకుంటది."

ఆమె అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రోజుల్లో ప్లేట్లకెక్కిన జానపదాలు చాలావరకు సంగీతం నేర్చుకున్నవాళ్లు సేకరించి పాడినవే. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడళ్లు వింజమూరి సీత, అనసూయ గార్లు పల్లె పాటల్ని వేదికల మీదికీ రికార్డుల్లోకీ తెచ్చారు. ఆ సీతాదేవి గారే తర్వాత 'మా భూమి' సినిమాకు సంగీతం ఇచ్చినవారిలో ఒకరు. వాళ్లు పాడి ఉండకపోతే ఎన్నో బాణీలు మనకు అందేవే కావు. అయినా ప్లేటు మీద ఉన్న పాటకూ పొలంలో పాటకూ మధ్య ఊపిరి తేడా ఉంది, ఆ తేడా పట్టుకోవడానికి ఎంత ఖరీదైన స్పీకరూ పనికిరాదు. నాటు వేసిన మనిషి పక్కన ఉండాలి.

ప్లేటు అయిపోయింది. ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది. అత్త పాడుతూనే ఉంది.

"ఇంక ఉంది గద, గింతల ఆపిండ్రేంది?" అని రెండు చరణాలు పాడింది. పండక్కి తీసుకుపోవడానికి అన్న రాలేదని ఒకటి. కూలి గింజల్లో తాలు కలిపి కొలిచిన పటేలు మీద ఇంకొకటి. ఫోన్ తీసి రికార్డు చేస్తానంటే "ఊరంత ఇంటరు, వద్దు" అంది. కాసేపాగి మంచినీళ్లు తెమ్మని, గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్లీ పాడింది. పటేలు చరణం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది.

పది అంగుళాల ప్లేటుకి ఒకవైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో పావు నిమిషం పడుతుంది. అంతకు మించిన పాటను కోయాల్సిందే. కానీ కోసినవాటిలో పటేలు చరణం ఎందుకుంది? నిడివి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో గ్రామఫోను ఎవరింట్లో ఉండేదో ఆలోచించండి. ప్లేటు కొనే పటేలింట్లో పటేలును తిట్టే పాట మోగదు. ఇది నా గట్టి నమ్మకం.

కాబట్టి అరుదైనది ఏది అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది. సినిమా పాటల ప్లేట్లు లక్షణంగా ఉన్నా చాలావరకు అరుదు కావు, అచ్చు వేసిందే ఎక్కువ. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ 1974లో ఆయన పోయిన తర్వాత వచ్చింది. అది మనవాళ్ల ఇళ్లలో ఎన్నిచోట్ల ఉందో చెప్పలేం. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్‌లో వేలకు వేలు చెప్పేవాళ్లను నమ్మకండి. లేబుల్ మీద నాటకం, హరికథ, బుర్రకథ, జానపదం అని ఏదున్నా పక్కకు తీయండి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య, టంగుటూరి సూర్యకుమారి లాంటి ఆ కాలపు నటగాయకుల పేర్లు కనిపిస్తే చేయి జాగ్రత్త. మన ఊరివాడైన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ ఉంటే తెలుగు కాదని పక్కన పడేయకండి. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే ఢోలక్ కే గీత్ పాత ప్లేటు గనక ఉంటే నాకు ఈ జవాబు కిందే రాయండి, అన్నం తినకుండా వచ్చేస్తాను. ఇక పేరు చిరిగిపోయిన ప్లేటు ఉందా, అది అన్నిటికంటే ముందు వినండి.

వినే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలియక పాడుచేస్తున్నారు. నల్ల ప్లేటు లక్కతో చేసింది. దాన్ని స్పిరిట్‌తోగానీ శానిటైజర్‌తోగానీ తుడిస్తే లక్క కరిగి గాళ్లు పోతాయి. కీ ఇచ్చే గ్రామఫోన్ మీద స్టీల్ ముల్లు ఒక్క వైపుకే, తర్వాత మార్చాలి. ఆ ముల్లుతో ఎల్పీ వేస్తే ఎల్పీ నాశనం. మామూలు ప్లేయర్‌లో 78 స్పీడు ఉంటే సరిపోదు, ముల్లు కూడా లావుది కావాలి. ఎల్పీ ముల్లు సన్నం కాబట్టి గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది, వినిపించేదంతా చరచర. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి. నేనెరిగిన ఒక లైబ్రరీలో అడుగెత్తున పడుకోబెట్టి ఉన్నాయి. వినొచ్చా అంటే ప్లేయర్ లేదన్నారు, ఎత్తి చూడొచ్చా అంటే సారు లేరన్నారు.

ఇంకో బాధ చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య కెఫేలకు వెళ్తే గోడలకు మేకులు కొట్టి రికార్డులు తగిలిస్తున్నారు, వేడి చేసి గిన్నెల్లా వంచుతున్నారు, మధ్యలో ముళ్లు బిగించి గడియారాలు చేస్తున్నారు. ఒకచోట గోడ దగ్గరికి వెళ్లి చదివితే హరికథ ప్లేటు. ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు అద్దెకిచ్చే ఇత్తడి బూరా గ్రామఫోన్లు చాలావరకు షోపీసులుగా కొత్తగా చేసినవి, వాటి మీద మీ ప్లేటు పెట్టకండి, గీసేస్తాయి. వీళ్లకంటే నాకు కోపం ఎవరి మీదంటే, అరుదైన పాటను యూట్యూబ్‌లో పెట్టి మధ్య మధ్యలో తమ చానల్ పేరు గొంతుతో చెప్పించేవాళ్ల మీద. ఎనభై ఏళ్ల నాటి రాగాలాపన నడుమ "సబ్‌స్క్రైబ్ చేయండి" వినిపిస్తుంది. బీరువాలో పెట్టి ఎవరికీ వినిపించని కలెక్టర్లూ నా దృష్టిలో పాత సామాన్లవాడితో సమానమే. పాత సామాన్లవాడు కనీసం అమ్ముతాడు.

కాపీరైట్ భయం అంటారా, మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1950లలో వచ్చిన ప్లేటు మీద ఆ హక్కు ముగిసింది. పాట రాసినవారి హక్కు వేరు, వారు పోయాక 60 ఏళ్లు ఉంటుంది, అది చూసుకోవాలి. పల్లె పాటల్లో చాలావాటికి రాసినవారే తెలియదు.

ఇక అమ్మకం. ఆబిడ్స్ వైపు, పాతబస్తీ ముర్గీ చౌక్ వైపు పాత వస్తువులు కొనేవాళ్లున్నారు. పెట్టె మొత్తానికి ఒకే రేటు చెప్తారు, అక్కడే జాగ్రత్త. మీ డిస్కో ఎల్పీలు విడిగా తీసుకెళ్లండి, కవర్ బాగుంటే మంచి ధరే వస్తుంది. నల్ల ప్లేట్లలో నేను చెప్పిన రకాలు ఇంట్లోనే ఉంచి, ప్రతిదానికీ రెండువైపులా లేబుల్ ఫోటో తీయండి. లేబుల్ పక్కన నున్నటి భాగంలో చెక్కి ఉండే నంబర్ రాసుకోండి, లేబుల్ పోయినా ఏ రికార్డో దాన్నిబట్టే ఆరా తీయొచ్చు. కంప్యూటర్‌లోకి ఎంపీ3 కాకుండా, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలుగా ఎక్కించండి, చరచర తీసేసే సాఫ్ట్‌వేర్ వాడని కాపీ ఒకటి తప్పనిసరిగా దాచండి. ఎక్కించేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ ముందే ఆన్ చేసి ఉంచండి. ఇదంతా అయ్యాక కూడా అమ్మాలనిపిస్తే అప్పుడు అమ్మండి.