కొత్త బ్యాటరీ వేసినా బ్యాటరీ దీపం ఎందుకు వెలుగుతుంది?

రాయగడ నుంచి మీరు అడిగినది ఇది: ఇంజన్ నడుస్తుండగా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తున్న ఎర్ర దీపం మసకగా వెలుగుతోంది, హెడ్‌లైట్లు వేస్తే ఇంకా బాగా కనబడుతోంది, కొత్త బ్యాటరీ వేయించినా మార్పు లేదు, ఇప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) మార్చమంటున్నారు. అప్పుడే మార్చించవద్దు. ముందుగా ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వచ్చే లావు తీగలోనూ, ఇంజన్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ పట్టీలోనూ వోల్టేజి ఎంత పోతోందో కొలిపించండి. నేను జయపురంలో ఉంటాను. రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇలాగే బ్యాటరీకి డబ్బు పోసి, తప్పు వేరేచోట ఉందని తరువాత తెలుసుకున్నాను.

ఆ దీపానికి బ్యాటరీ బొమ్మ వేయడంతోనే సగం చిక్కు వచ్చిపడిందని నా అభిప్రాయం. అది చెప్పేది బ్యాటరీ సంగతి కాదు, ఛార్జింగు సంగతి. పాత కార్లలో ఆ చిన్న బల్బుకు ఒకవైపు తాళంచెవి మీదుగా బ్యాటరీ, మరోవైపు ఆల్టర్నేటర్ ఉంటాయి. తాళం తిప్పి ఇంజన్ ఇంకా వేయనప్పుడు ఆల్టర్నేటర్ వైపు వోల్టేజి ఉండదు కనుక బల్బు నిండుగా వెలుగుతుంది. ఇంజన్ అందుకోగానే రెండువైపులా సమానమై ఆరిపోతుంది. రెండింటి మధ్య ఒకటి రెండు వోల్టుల తేడా మిగిలితే మాత్రం దీపం పూర్తిగా ఆరదు, మసకగా మిగులుతుంది. కొత్త కార్లలో దీపాన్ని వెలిగించేది కంప్యూటరు కాబట్టి మసక వెలుగు అనే ఆనవాలు దొరకదు, కానీ కొలిచే పద్ధతి అదే.

నా పాత పెట్రోలు కారులో మేము విజయనగరం వెళ్తున్నాము. పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగేసరికి చీకటి పడింది, వాన మొదలైంది. హెడ్‌లైట్లు, వైపర్లు, అద్దం మీద ఆవిరి పోవడానికి బ్లోయరు, మూడూ నడుస్తుంటే దీపం ఎర్రబడింది. బ్లోయరు ఆపితే తగ్గింది. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగానే ఉంది కనుక ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు తెగలేదని ధైర్యం చెప్పుకుని, బ్లోయరూ పాటలూ కట్టేసి, ఇంజన్ ఆపకుండా సాలూరు చేరాము. చాలా కార్లలో నీళ్ల పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. అది తెగి ఉంటే దీపం నిండుగా వెలుగుతుంది, స్టీరింగు బరువెక్కవచ్చు, ఇంజన్ వేడెక్కుతుంది. అప్పుడు బండిని అక్కడే ఆపవలసిందే.

సాలూరు లారీల ఊరు కదా, ఆ వేళకూ ఒక ఎలక్ట్రికల్ షెడ్డు తెరిచి ఉంది. అక్కడి పెద్ద మేస్త్రీ బ్యాటరీని చేత్తో తాకనైనా తాకలేదు. ఇంజన్ నడవనిచ్చి, లైట్లు వేయించి, మల్టీమీటరుతో ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ బిగించిన బోల్టుకూ ఆల్టర్నేటర్ బాడీకీ మధ్య చూశాడు: 14.5 వోల్టులు. బ్యాటరీ పోస్టుల మధ్య చూస్తే 12.3. "డైనమో తయారు చేస్తంది బాబూ, దారిలో పోతంది" అన్నాడు. డైనమో అంటే ఆల్టర్నేటరే. తరువాత మీటరు ఒక పిన్ను ఆ బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెడితే 1.9 వచ్చింది, ఆల్టర్నేటర్ బాడీకీ నెగటివ్ పోస్టుకూ మధ్య 0.3 వచ్చింది. రెండూ కలిపితే 2.2, అంటే పోయిన లెక్క మొత్తం తేలిపోయింది.

మీరు చేయించవలసిన పరీక్ష కూడా ఇదే. పిన్నును తీగ చివరి క్లాంపు మీద కాకుండా బ్యాటరీ సీసపు పోస్టు మీదే పెట్టాలి, లేకపోతే క్లాంపు కింద ఉన్న చిలుము లెక్కలోకి రాదు. లైట్లు, బ్లోయరు వేసి ఉండాలి; తీగలో కరెంటు పారకపోతే చెడిన తీగ కూడా మంచిదానిలాగే కనబడుతుంది. పాజిటివ్ వైపు 0.3 లోపు, ఎర్త్ వైపు 0.2 లోపు ఉంటే తీగలు బాగున్నట్టే. నిరోధం 0.03 ఓమే అయినా, 60 ఆంపియర్లు పారితే 1.8 వోల్టులు అక్కడే వేడిగా పోతాయి. మామూలు మీటరు ఓముల వైపు తిప్పి చూస్తే ఇంత చిన్న నిరోధం పట్టుబడదు. "తీగ బాగానే ఉంది" అని నాకు ముందు చెప్పినవారు అలాగే చూశారు.

బ్యాటరీ నెగటివ్ క్లాంపు ఊడదీశాక మేస్త్రీ ఆల్టర్నేటర్ వైపు లగ్గు (తీగ చివర బోల్టుకు బిగించే లోహపు కొస) మీది రబ్బరు తొడుగును వెనక్కి లాగి చూపించాడు. పైకి నిగనిగలాడుతున్న తీగ లోపల, లగ్గు పట్టిన చోట, రాగి పోచలు నల్లబడి ఉన్నాయి. గోటితో గీరితే పచ్చటి చిలుము పొడిగా రాలింది. సగం పోచలు అప్పటికే తెగి ఉన్నాయి. చిలుము ఇన్సులేషన్ కిందికి బెత్తెడు పాకి ఉండటంతో ఆ తీగను పూర్తిగా తీసేసి, అంతే లావున్న కొత్త రాగి తీగకు నొక్కుడు లగ్గులు వేశాడు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీని విప్పి, కింది రంగూ తుప్పూ గీకి మళ్లీ బిగించాడు. క్లాంపులను తినే సోడా నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వ్యాజలీన్ రాశాడు. అన్నిటికీ కలిపి 600 రూపాయలు తీసుకున్నాడు. తరువాత అదే లోడుతో బ్యాటరీ వద్ద 14.2 వచ్చింది, దీపం మళ్లీ వెలగలేదు.

మీరే విప్పదలిస్తే, నెగటివ్ ముందు తీసి, చివరన బిగించండి. ఆల్టర్నేటర్ బోల్టుకు తాళం తీసినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే నిప్పులు రాలుతాయి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ లాగి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటు మన వైపు ఇంకా ఉంది. దాన్ని ఎవరినీ చేయనివ్వకండి, ఆ క్షణంలో వోల్టేజి ఎగిసి కంప్యూటరు కాలిపోవచ్చు.

బోల్టు వద్దే 13 వోల్టులు రాకపోతే, బెల్టు బిగువుగానే ఉంటే, అప్పుడు ఆల్టర్నేటర్ విప్పించండి. అప్పుడు కూడా మొత్తం మార్చకుండా ముందు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులూ, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరూ చూడమనండి. అరిగేవి ఎక్కువగా అవే. తాళం తిప్పినప్పుడు దీపం అసలే వెలగకపోతే మాత్రం బల్బు పోయిందో, ఆల్టర్నేటర్ వెనుక ఉన్న సన్నని తీగ ఊడిందో చూడాలి.