ఉప్పు పట్టిన రీలు, మొరాయించే డ్రాగ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ చేపల వేటలో వాడే పాత కన్వెన్షనల్ రీళ్ళ మీదే. దారం చుట్టే స్పూల్ అడ్డంగా ఉండి, హ్యాండిల్ తిప్పితే స్పూలే తిరుగుతూ దారం చుట్టుకునే రకాలు ఇవి. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని అదుపుగా వదిలే బ్రేకు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఇక్కడ ఒక గరాజ్ సేల్‌లో పెన్ సెనేటర్ 4/0 కొన్నాను. మోడల్ 113. హ్యాండిల్ బిగుసుకుపోయింది, స్క్రూలు కదలవు, సందుల్లో అంతా పచ్చటి చిలుము. ఇది బాగుపడే సరుకేనా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
— పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నిక్షేపంగా బాగుపడుతుంది. ఒట్టో హెన్‌జీ 1932లో ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీ పెట్టారు. సెనేటర్ 1936లో వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి దాదాపు అదే అమరికతో చేశారు కాబట్టి విడిభాగాలకు కరువు లేదు. నంబర్ల లెక్క కూడా తేలికే. గీతకు ముందున్నది భాగం, తర్వాతది మోడల్. 5-113 అంటే పెద్ద గేరు, 13-113 అంటే పినియన్ (పెద్ద గేరుతో కలిసి తిరిగే చిన్న గేరు), 29-113 అంటే స్పూల్.

ముందు హ్యాండిల్ జోలికి పోకండి. బిగుసుకున్న రీలును బలవంతంగా తిప్పితే నష్టపోయేది పినియన్ పళ్ళే. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి. పైన పేరుకున్న ఉప్పు సగం అక్కడే కరిగిపోతుంది. మర్నాడు ఆరబెట్టి, ప్రతి స్క్రూ తల చుట్టూ తుప్పు వదిలించే పలచటి నూనె ఒక్కో చుక్క వేసి ఇంకో రోజు వదిలేయండి.

ఈ రీళ్ళను ఉప్పు కంటే ఎక్కువగా పాడుచేసేది సైజు కుదరని స్క్రూడ్రైవర్. మామూలు స్క్రూడ్రైవర్ మొన చివరికి పోనుపోను సన్నబడుతుంది. అందుకే గాడిలో పైఅంచుల మీదే ఆనుకుని వాటిని కొరికేస్తుంది. తుపాకులు బాగుచేసేవాళ్ళు వాడే బిట్ల మొన రెండు వైపులా సమంగా ఉండి, గాడి అడుగుదాకా నిండుగా కూర్చుంటుంది. అవి కొనండి. తిప్పేటప్పుడు ముందు కాస్త బిగించే వైపు, ఆపైన విప్పే వైపు. చిలుము పట్టు తెగితే చేతికి చిన్న ‘టక్’ తెలుస్తుంది. అప్పటికీ రాకపోతే వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం ఆనించి, చల్లారాక మళ్ళీ నూనె వేయండి. మొన పక్క పలకకు మాత్రం తగలకూడదు. అది బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్, కరగదు గానీ మాడి పగులుతుంది.

విప్పిన స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేయకండి. కాళ్ళను, అంటే కర్రకు తగిలించే అడుగు పలకను పట్టే స్క్రూలూ, అడ్డ కడ్డీల స్క్రూలూ పొడవులో తేడా ఉంటాయి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే అడుగు తగిలి మర పాడవుతుంది. ఇడ్లీ రేకు తీసుకుని ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేసుకుంటే తారుమారు కావు. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

లోపల పెద్ద గేరును మోసే బ్రిడ్జిని విప్పేటప్పుడు పైన బొటనవేలు అదిమి ఉంచండి. పినియన్‌ను పట్టుకునే యోక్ కింద రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. ఎగిరి సోఫా కిందకు పోయాయంటే ఇక ఇల్లంతా వెతకాల్సిందే. గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టుకుని విప్పడం మేలు.

ఎండి జిగురులా మారిన గ్రీజుకు కిరోసిన్, పాత టూత్‌బ్రష్ చాలు. క్రోమ్ పూత ఉన్న ఇత్తడి భాగాలకు పట్టిన చిలుమూ, తెల్లటి ఉప్పు పెచ్చూ పోవాలంటే తెల్ల వెనిగర్, నీళ్ళు సగంసగం కలిపి ముంచండి. ఇరవై నిమిషాలకు మించి వద్దు, మధ్యమధ్యలో తీసి చూడండి. మరచిపోయి రాత్రంతా వదిలితే ఆమ్లం పూత కిందికి చొరబడుతుంది, బయటపడిన ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. తీశాక లీటరు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బేకలైట్ పలకలను మాత్రం వెనిగర్‌లో వేయకండి, మెరుపు పోతుంది. వాటికి సబ్బు నీళ్ళు, ఆరాక కాస్త మైనం పాలిష్ చాలు.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూ మరకూ కొంచెం మెరైన్ గ్రీజు రాయండి. మళ్ళీ విప్పే రోజు వస్తుంది కదా.

ప్రశ్న: చేప లాగినప్పుడు డ్రాగ్ సాఫీగా వదలడం లేదు. బిగుసుకుని, ఒక్కసారిగా వదిలి, మళ్ళీ బిగుసుకుంటోంది. ఈ కుదుపులకు దారం తెగిపోతోంది. హ్యాండిల్ కిందుండే, డ్రాగ్ బిగించే స్టార్ చక్రాన్ని ఎంత సర్దినా అంతే.
— ఇద్దరు పాఠకులు, హ్యూస్టన్, విశాఖపట్నం

జవాబు: లోపం స్టార్‌లో లేదు, దాని కింద గేరు గిన్నెలో పేర్చిన వాషర్లలో ఉంది. పాత రీళ్ళలో ఇవి తోలువో, ఒత్తిన ఫైబర్‌వో. నూనె ఎండి గాజులా నున్నబడితే ముందు అతుక్కుంటాయి, తర్వాత జారతాయి. తడిసిన చోట ఉక్కు వాషర్లకు తుప్పు పడితే ఇంకా అన్యాయం.

ఒక హెచ్చరిక. చాలా పాత ఫైబర్ వాషర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని గరుకు కాగితంతో రుద్దకండి, పొడిగా గీకకండి. నూనెతో తడిపి తీసి, ప్లాస్టిక్ సంచిలో మూసి పారేయండి.

బదులుగా కార్బన్ ఫైబర్ వాషర్లు వేయండి. పెన్ వాళ్ళ హెచ్‌టీ-100 ఆ రకమే, 113కు భాగం నంబరు 6-113. మూడు కార్బన్ వాషర్ల పేర్పు గేరు అడుగు నుంచి ఇలా ఉంటుంది: కార్బన్, మధ్య రంధ్రం చదునుగా కోసిన లోహపు వాషరు, కార్బన్, అంచున చెవులున్న లోహపు వాషరు, కార్బన్, చివర మళ్ళీ చదును రంధ్రపు వాషరు. చెవులున్నది గేరు గిన్నె గాడిలో పడి గేరుతో తిరుగుతుంది. చదును రంధ్రమున్నవి మధ్యనున్న గొట్టం లాంటి స్లీవ్‌ను పట్టుకుని హ్యాండిల్ వైపు నిలుస్తాయి. ఈ రెండు పక్షాల మధ్య రాపిడే డ్రాగ్. ఒకే పక్షం వాషర్లు రెండు పక్కపక్కన పడితే వాటి మధ్యనున్న కార్బన్ ఊరికే కూర్చుంటుంది. స్టార్ ఎంత బిగించినా పట్టు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

లోహపు వాషర్లు సమతలంగా ఉన్నాయో లేదో గాజు పలక మీద పెట్టి చూడండి. ఊగితే మార్చేయండి. తుప్పు మచ్చలుంటే గాజు మీద 600 నంబరు నీటి గరుకు కాగితం పరిచి గుండ్రంగా రుద్దండి. కార్బన్ వాషర్లకు డ్రాగ్‌ల కోసమే చేసిన గ్రీజు రాసి, పది నిమిషాలాగి గుడ్డతో తుడిచేయండి. మిగిలే పలచటి పొర సరిపోతుంది. పొడిగా వాడేవాళ్ళూ ఉన్నారు. ఉప్పు నీళ్ళలో వాడే రీలుకు గ్రీజు ఉంటేనే ఉక్కు వాషర్లు నిలుస్తాయని మా అభిప్రాయం. తోలు వాషర్లే ఉంచాలనుకుంటే నీట్స్‌ఫుట్ నూనెలో (తోలుకు పట్టించే, పశువుల కాళ్ళ ఎముకల నూనె) ఒక రాత్రి నానబెట్టి, పిండి, తుడిచి వేయండి.

ఇక బిగింపు. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు ఉండాలి. 18 కిలోల దారానికి 4.5 నుంచి 6 కిలోలు. చేతి అంచనా వద్దు, దారం చివర స్ప్రింగ్ కాటా తగిలించి లాగి చూడండి. వేట అయ్యాక స్టార్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టండి.

ప్రశ్న: జిగ్‌మాస్టర్ 500కు కొత్త టంగూసు చుట్టి వంజరం వేటకు వెళ్ళాం. రెండు చేపలు పడ్డాక స్పూల్ అంచు పగిలి పక్క రింగుకు రాసుకుంటోంది. కిందెక్కడా పడలేదు.
— పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: స్పూల్ పగలగొట్టింది టంగూసే. చేపతో పెనుగులాడేటప్పుడు నైలాన్ సాగుతుంది, సాగినది సాగినట్టే స్పూల్ మీదికి చేరుతుంది. ప్రతి చుట్టూ మళ్ళీ కుంచించుకోవాలని లోపలికి నొక్కుతుంది. ఒక్క చుట్టు ఒత్తిడి ఎంతో కాదు. వందల చుట్లవి కలిస్తే అంచులను పక్కకు తోసేస్తాయి. పాత ప్లాస్టిక్ స్పూళ్ళు ఈ పనికి చేసినవి కావు. సాగుడు పెద్దగా లేని లినెన్, డాక్రాన్ (పాలియెస్టర్) దారాల కాలం వాటిది.

అతికించే ప్రయత్నం వృథా. ఈ మోడల్‌కే చేసిన లోహపు స్పూల్ కొనండి. మార్చడం రెండు నిమిషాల పని. పెద్ద స్క్రూ ఒకటి వదులు చేసి, హ్యాండిల్ వైపు పలకను కాస్త తిప్పితే ఊడివస్తుంది. కొత్త స్పూల్ వేశాక ఎడమ పక్క బేరింగ్ మూతను మెల్లగా బిగిస్తూ, స్పూల్‌ను అటూఇటూ కదిపి చూడండి. కాగితం మందం కదలిక మిగలాలి. అసలు లేకుండా బిగిస్తే స్పూల్ తేలిగ్గా తిరగదు.

ఈసారి అల్లిక దారం చుట్టే ఆలోచన ఉంటే రెండు జాగ్రత్తలు. నున్నటి లోహం మీద అది మొత్తంగా జారిపోతుంది, కాబట్టి ముందు పది మీటర్ల టంగూసు చుట్టి దానికి ముడి వేయండి. రెండోది, సన్నటి అల్లిక దారం స్పూల్ అంచుకూ రింగుకూ మధ్య సందులో దూరుతుంది. సందు ఎక్కువున్న పాత రీలుకు ఇది బెడదే, మరీ సన్నం దారం వద్దు.

ప్రశ్న: హ్యాండిల్ వెనక్కి తిరిగి వేళ్ళ మీద కొట్టింది. ఇంకో రీలులో బరువు పడగానే ‘కటక్’ మని జారుతోంది. రెండూ ఒకటే జబ్బా?
— పాఠకుడు, కాకినాడ

జవాబు: కాదు. మొదటిది వెనక్కి తిరగకుండా ఆపే డాగ్ సమస్య. బ్రిడ్జి పక్కనుండే ఈ చిన్న నాలుక స్ప్రింగుతో స్లీవ్ అడుగునున్న రాచెట్ అనే పళ్ళ చక్రంలో పడాలి. పాత గ్రీజు గట్టిపడితే నాలుక పైకే అతుక్కుపోతుంది. స్ప్రింగు అలిసినా అంతే. శుభ్రం చేసి, స్ప్రింగు మార్చి, ఒక్క చుక్క నూనె వేయండి. అక్కడ గ్రీజు కుక్కడమే చాలామంది చేసే పొరపాటు. నాలుక మొన గుండ్రబడితే దాన్నీ మార్చండి. ఇది బాగయ్యేదాకా ఆ రీలు నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. పెద్ద చేప పడితే వేలు విరుగుతుంది.

రెండోది పినియన్. స్పూల్ ఇరుసు చదును భాగాన్ని పట్టుకునే దాని గాడి అంచులు అరిగాయి. స్పూల్‌ను గేరుకు కలిపే లీవరు సగమే వేసి బరువు లాగితే ఇలా అరుగుతుంది. యోక్ స్ప్రింగులు నీరసించినా పినియన్ పూర్తిగా కిందికి దిగక ఇదే జరుగుతుంది, అవి చవక కాబట్టి ముందు వాటిని మార్చి చూడండి. పినియన్ మార్చక తప్పకపోతే పెద్ద గేరునూ కలిపి మార్చండి. అరిగిన పళ్ళ మీద కొత్త పళ్ళు కుదురుకోవు, గరగర వదలదు.

ప్రశ్న: ఎర్రటి అబు అంబాసడర్ 5000 దొరికింది. దారాన్ని అటూఇటూ నడిపే గైడ్ ఒక చివరికి పోయి అక్కడే ఆగిపోతోంది. ఇది ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది?
— పాఠకురాలు, డల్లాస్

జవాబు: గైడ్ కింద ఉన్న చిన్న మూత విప్పితే పాల్ అనే ముక్క వస్తుంది. అడ్డంగా తిరిగే మర ఇరుసు గాడిలో నడుస్తూ గైడ్‌ను లాగేది ఇదే. చివరి మలుపులో దిశ మార్చుకోవాలంటే దీని మొన పదునుగా ఉండాలి. మొన అరిగితే మలుపు తిరగలేక అక్కడే నిలబడుతుంది. పాల్ మార్చితే చాలాసార్లు సరిపోతుంది. అయితే ముందు ఇరుసు గాడులను సూదితో శుభ్రం చేసి, చివర్లలో అంచు విరిగిందేమో చూడండి. విరిగిన ఇరుసు కొత్త పాల్‌ను కూడా తినేస్తుంది. ఇక్కడ పలచటి నూనే వేయాలి. గ్రీజు పూస్తే ఇసుక పట్టి ఆకురాయిలా పని చేస్తుంది.

అబు 1921లో స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో గడియారాల ఫ్యాక్టరీగా మొదలైంది, టాక్సీ మీటర్లు కూడా చేసింది. 5000 వచ్చింది 1952లో. సందులు గడియారంలోలా బిగువుగా ఉంటాయి, అందుకే చిక్కటి కందెనలు దీనికి పడవు. ఏడాది సంగతికి వస్తే కాళ్ళ అడుగున చూడండి. 1970ల మధ్య నుంచి వచ్చిన వాటికి అక్కడ అంకెలుంటాయి. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ నెల. 7503తో మొదలైతే 1975 మార్చి. అంకెలు లేకపోతే అంతకంటే పాతది.

ప్రశ్న: ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతో రీలు తోమవచ్చా? ఇంకొకటి నల్లటి పలకలతో ఉంది, స్పూల్ మీద నొక్కడానికి తోలు పట్టీ వేలాడుతోంది, స్టార్ లేదు. దాన్నీ మెరిపించాలని ఉంది.
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పూత లేని ఇత్తడికి చింతపండు భేషుగ్గా పని చేస్తుంది, వెంటనే కడిగి తుడిస్తే చాలు. క్రోమ్ ఉన్న చోట వద్దు. పెచ్చులూడిన క్రోమ్ ఇంట్లో మళ్ళీ రాదు. మచ్చలను నీళ్ళలో తడిపిన అల్యూమినియం రేకుతో రుద్ది, మైనం పూసి వదిలేయండి.

రెండోదాన్ని మాత్రం ముట్టుకోకండి. 1913లో విలియం బోషెన్ ఆలోచనతో జూలియస్ వామ్ హోఫ్ చేసిన స్టార్ డ్రాగ్ రీలు రాకముందు, ఉరికే చేపను ఆపడానికి ఇలాంటి తోలు పట్టీని బొటనవేలితో స్పూల్ మీద అదిమేవారు. తర్వాత కూడా చవక రీళ్ళు ఆ పద్ధతిలో వచ్చాయి గనుక, ముందు దాని మీద పేరు, పేటెంటు తేదీ ఉన్నాయేమో వెతకండి. నల్లటి పలకలు ఎబొనైట్, అంటే గట్టిపరచిన రబ్బరు అయితే వేడినీళ్ళు తగలగానే గోధుమ రంగుకు తిరుగుతాయి, ఆ రంగు మళ్ళీ పోదు. సేకరించేవాళ్ళు పాత రంగుకే డబ్బిస్తారు, పాలిష్ చేసిన దానికి ధర పడిపోతుంది. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, ఇరుసుకు చుక్క నూనె వేసి పెట్టండి.

ప్రశ్న: బేరింగులకు కొబ్బరినూనె వేయవచ్చా?
— పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది, వంటనూనెలు కొన్నాళ్ళకు వార్నిష్‌లా గట్టిపడతాయి. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేయండి.