వెనామీ చెరువులో గోధుమ రంగు పోయింది, డయాటమ్‌లు చిన్నవై చచ్చిపోయాయా?

ప్రశ్న: భీమవరం దగ్గర 2 ఎకరాల చెరువులో వెనామీ రొయ్యలు వేసి నలభై రోజులు దాటింది. సెలైనిటీ (నీటి ఉప్పదనం) 6 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 6. బోరు నీళ్లు, కాలువ నీళ్లు కలిపి పెడతాను. మొదటి నెల నీరు బంగారు గోధుమ రంగులో బాగుంది. మూడు రోజులు ముసురు పట్టాక తేటబడి, ఇప్పుడు పచ్చగా తిరుగుతోంది. మందుల షాపులో అడిగితే "డయాటమ్‌లు (నీటికి గోధుమ రంగునిచ్చే సూక్ష్మ నాచు) విడిపోయి విడిపోయి చిన్నవై చచ్చిపోయాయి, కొత్త డయాటమ్ సీడ్ వేయాలి" అంటున్నారు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక ఆక్వా రైతు

జవాబు: ముందు రొయ్యల సంగతి చూసుకోండి, రంగు సంగతి తర్వాత. బ్లూమ్ (నీటిలో దట్టంగా పెరిగిన నాచు) పడిపోయిన చెరువులో, చచ్చిన ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కుళ్లడానికే బోలెడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఈ వారం రాత్రంతా ఏరేటర్లు తిప్పండి. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూసి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోండి. చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతుంటే వెంటనే తగ్గించండి.

ఇక షాపులో చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం చాలా అందమైన విషయం, అందుకే వివరంగా చెబుతాను.

డయాటమ్ అంటే ఒకే కణం ఉన్న నాచు. దాని గోడ సిలికాతో, అంటే ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థంతో తయారవుతుంది. గోడలో రెండు పెంకులుంటాయి. కుంకుమ భరిణె మీద మూత కూర్చున్నట్టు పెద్ద పెంకు చిన్న పెంకు మీద కూర్చుంటుంది. పెంకుల నిండా వరసలు వరసలుగా సన్నని రంధ్రాలు. లోపల కేంద్రకం, నూనె బొట్లు, గోధుమ రంగు క్లోరోప్లాస్ట్‌లు ఉంటాయి. మీరు చూసిన బంగారు రంగు ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకానిది. పత్రహరితం కూడా ఉంటుంది కానీ ఈ రంగు దాన్ని కప్పేస్తుంది.

కణం రెండుగా విడిపోయినప్పుడు పిల్ల కణాలకు చెరో పెంకు వస్తుంది. రెండో పెంకును ప్రతి పిల్లా తనకు వచ్చినదాని లోపలివైపే కట్టుకుంటుంది. పెద్ద పెంకు దక్కింది తల్లంతే ఉంటుంది, చిన్న పెంకు దక్కింది కాస్త చిన్నదవుతుంది. అలా తరాలు గడిచేకొద్దీ సగటు సైజు తగ్గుతూ వస్తుంది. మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు 1869లోనే దీన్ని విడివిడిగా వివరించారు.

మరి ఎంతవరకు తగ్గుతుంది? చాలా జాతుల్లో మొదటి సైజులో ఇంచుమించు మూడో వంతుకు వచ్చేసరికి కణం లైంగిక ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతుంది. కీటోసిరాస్, సైక్లోటెల్లా వంటి వాటిలో కొన్ని కణాలు అండాలనిస్తాయి, కొన్ని ఒకే తోక ఉన్న శుక్రకణాలనిస్తాయి. నావిక్యులా, నిట్జియా వంటి పొడవాటి వాటిలో రెండు కణాలు పక్కపక్కన చేరతాయి, తోకలేని బీజకణాలు మెల్లగా జరిగి కలుస్తాయి. బీజకణాలు ఏర్పడేటప్పుడు సగమైన క్రోమోజోములు ఇక్కడ మళ్లీ జంటలవుతాయి. కలిసిన కణం పాత పెంకులను వదిలించుకుని ఉబ్బుతుంది. దీన్నే ఆక్సోస్పోర్ అంటారు. పూర్తి సైజు కొత్త పెంకులు దాని లోపలే తయారవుతాయి. ఈ అవకాశం దొరకని కణాలు ఇంకా చిన్నవై చివరికి చచ్చిపోతాయి. షాపువాళ్లు విన్నది ఈ ఒక్క ముక్కే.

మీ చెరువులో జరిగింది అది కాదు. ఒక్కో విభజనకు తగ్గేది చాలా స్వల్పం. ఈ చక్రం పూర్తవడానికి కొన్ని జాతులకు ఏళ్లు పడుతుంది. పైగా చెరువులో ఉండేది ఒక్క జాతి కాదు, ఒక్క సైజూ కాదు. అన్నీ ఒకేసారి చిన్నవై మూడు రోజుల్లో చచ్చిపోవు. ముసురులో వెలుగు తగ్గింది, వాన నీటితో సెలైనిటీ, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే నీటి గుణం) పడ్డాయి. ఎండ రాగానే మేత నుంచి పోగైన ఫాస్ఫరస్, అమోనియా అందుకుని వేరే నాచులు ముందుకొచ్చాయి.

అందుకే సీడ్ పేరుతో అమ్మే డబ్బాకు డబ్బు పెట్టకండి. డయాటమ్‌లు మీ నీటిలో, అడుగు మట్టిలో ఇంకా ఉన్నాయి. అడుగున పేరుకున్న మురుగు తీయించి, రిజర్వాయర్ (నీరు నిల్వ ఉంచే చెరువు) నీటితో కొద్దికొద్దిగా నీరు మార్చండి. రంగు బాగుందని పక్క చెరువు నీళ్లు మాత్రం తోడుకోవద్దు. వాటితోపాటు వైట్ స్పాట్ (వైరస్ జబ్బు), ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను తగ్గించే పరాన్నజీవి) కూడా రావచ్చు. యూరియా ఇప్పుడు అసలే వద్దు. డయాటమ్‌ల పెంకులకు కావాలని సిలికేట్ కూడా పరీక్ష చేయించకుండా వేయకండి. బోరు నీటిలో సిలికా సాధారణంగా బాగానే ఉంటుంది. సోడియం సిలికేట్ పీహెచ్‌ను పెంచుతుంది, పీహెచ్ పెరిగితే ఉన్న అమోనియాయే రొయ్యకు విషమవుతుంది.

సైజు తగ్గడం నిజంగా పట్టించుకోవాల్సింది హేచరీలవాళ్లు. జోయియాకు (రొయ్య పిల్లల తొలి దశల్లో ఒకటి) పెట్టే డయాటమ్‌ను ఒకే స్టాక్ నుంచి ఏళ్ల తరబడి పెంచుతుంటే మైక్రోస్కోప్ కింద సైజు చూస్తూ ఉండాలి. బాగా తగ్గితే కొత్త స్టాక్ తెచ్చుకోవాలి. అన్ని జాతులూ ఇలా తగ్గవు కాబట్టి కొలిచాకే నిర్ణయించుకోవాలి.

మీరు రేపు ఉదయం, సాయంత్రం పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా పరీక్ష చేయించి అంకెలు పంపండి. సున్నం ఎంత వేయాలో వాటిని చూసి చెబుతాను.